ఎవరి అడుగులివి?

కనెక్టికట్ రాష్ట్రంలో రాకీ హిల్ అనే ఊళ్ళో మొదటి అపార్ట్‌మెంట్ తీసుకున్నప్పుడు ఆ ఊరి గురించి నాకు తెలిసినవి రెండే విషయాలు. హార్ట్‌ఫర్డ్‌లో ఉన్న ఇన్సూరెన్సు కంపెనీలకి పావుగంట దూరం. సాయంత్రం పూట మా కాంప్లెక్సులో నడిస్తే ప్రతి మూడో తలుపు దగ్గరా పోపు వాసన వస్తుంది. ఊరి పక్కనే "డైనోసార్ స్టేట్ పార్క్" అని ఒక బోర్డు ఉండేది. ఆఫీసుకి వెళ్తూ వస్తూ రోజూ చూసేవాణ్ణి. పిల్లల కోసం నాలుగు సిమెంటు బొమ్మలు పెట్టి ఉంటారులే అనుకుని మూడేళ్ళపాటు అటు తొంగి చూడలేదు.

చివరికి మా అమ్మాయి రెండో క్లాసులో ఉండగా వెళ్ళక తప్పలేదు. వచ్చేటప్పుడు పది పౌన్ల ప్లాస్టర్ ఆఫ్ పారిస్, పావు కప్పు వంటనూనె తెచ్చుకోండి అన్నారు. "డైనోసార్లకి కూడా తాలింపేనా?" అంది మా ఆవిడ. అక్కడికి వెళ్ళాక తెలిసింది, ఆ నూనె రాతి మీద రాయడానికట. రాతిలో పడ్డ అడుగులో నూనె రాసి, ప్లాస్టర్ కలిపి పోసి, ఆరాక పైకి తీస్తే ఆ అడుగు అచ్చు ఇంటికి తెచ్చుకోవచ్చు.

లోపల ఒక పెద్ద గుమ్మటం. దాని కింద ఎర్రమట్టి రంగు రాతి నేల. ఆ నేల నిండా మూడు వేళ్ళ అడుగులు, వందల కొద్దీ. 1966 ఆగస్టులో ఇక్కడ ప్రభుత్వం ఏదో కట్టడం కోసం పునాదులు తవ్విస్తుంటే, ఎడ్వర్డ్ మెకార్తీ అనే బుల్‌డోజర్ డ్రైవరు ఒక బండ తిప్పి చూశాడు. దాని మీద వింత గుర్తులున్నాయి. ఆయన వాటిని పక్కకి తోసేసి పని కానిచ్చుకుని ఉంటే ఈ పార్కు లేదు. ఆగి, మరొకరికి చూపించాడు. చివరికి తేలినవి సుమారు రెండు వేల అడుగులు. వాటిలో ఐదు వందల దాకా గుమ్మటం కింద మనం చూడటానికి ఉంచి, మిగతావి పాడవకుండా మళ్ళీ మట్టితో కప్పేశారు.

ఒక్కో అడుగు పది నుంచి పదహారు అంగుళాల పొడవు. అడుగుకీ అడుగుకీ మధ్య మూడున్నర నుంచి నాలుగున్నర అడుగుల దూరం. వయసు సుమారు ఇరవై కోట్ల సంవత్సరాలు.

మా అమ్మాయి అక్కడి గైడుని ఈ డైనోసార్ పేరేమిటని అడిగింది. ఆవిడ "యూబ్రాంటిస్" అంది. అని వెంటనే సర్దుకుని, "అది అడుగు పేరమ్మా, జంతువు పేరు కాదు. జంతువు డైలోఫోసారస్ లాంటిదేదో అయి ఉంటుంది. కానీ ఇక్కడ ఎముకలు దొరకలేదు. అందుకని ఖాయంగా చెప్పలేం" అంది. కనెక్టికట్ రాష్ట్రం 1991లో యూబ్రాంటిస్‌ని తన అధికారిక శిలాజంగా ప్రకటించుకుంది. అంటే ఒక రాష్ట్రం మొత్తం, ఎవరో ఖాయంగా తెలియని ఒక జీవి అడుగుని నెత్తిన పెట్టుకుందన్నమాట.

మా అమ్మాయికి ఇది బొత్తిగా నచ్చలేదు. కాలికి పేరు తెలియకుండా అడుగుకి పేరు పెట్టడమేమిటని కారులో ఇంటిదాకా నన్ను సతాయించింది. ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను కానీ, ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. అది నాకు ఎక్కడో విన్న ప్రశ్నలాగే అనిపించింది.

*

మాది మార్కాపురం దగ్గర పల్లెటూరు. మార్కాపురం అంటే పాత తరం వాళ్ళకి పలకలు గుర్తొస్తాయి. మన చిన్నప్పుడు అ ఆలు దిద్దిన పలకలు అక్కడి రాతి నుంచి వచ్చినవే. ఊరికి పడమటి వైపు చూస్తే నల్లమల కనబడుతుంది. పశువులు మేతకి అటే పోయేవి. అప్పుడప్పుడూ ఒకటీ అరా తప్పిపోయేవి.

అలా తప్పిపోయినప్పుడు మా తాతగారు కబురు పెట్టేది ఒకే ఒక్క మనిషికి. ఊరంతా ఆయన్ని "గొడ్ల తాత" అనేవారు. పెరటి గుమ్మం దాకా వచ్చి నిలబడి, ఏ గొడ్డు పోయిందో కనుక్కుని, కొట్టం దగ్గర నేల ఓసారి చూసి, నడవడం మొదలుపెట్టేవాడు. సెలవుల్లో నేను వెంటపడేవాణ్ణి. నాకు అన్నీ ఒకేలా కనిపించే గిట్టల గుర్తుల్లో మా గేదెది ఏదో ఆయన చెప్పేవాడు. ముందు గిట్ట మీద వెనక గిట్ట ఎలా పడిందో చూసి నింపాదిగా మేస్తూ పోయిందో, దేనికో బెదిరి పోయిందో చెప్పేవాడు. గుర్తు మీద నుంచి చీమల బారు పోతుంటే "ఇది రాత్రిదిరా అబ్బాయా" అనేవాడు. అంచులు పదునుగా, లోపల మట్టి ఇంకా తడిగా ఉంటే నడక వేగం పెంచేవాడు. సాయంత్రానికల్లా గేదె ఇంటికొచ్చేది.

ఒకసారి ఊరి చెరువు గట్టు మీద ఒక గుర్తు చూపించి, "కుక్కది కాదు, గోళ్ళు పడలా" అన్నాడు. నడిచేటప్పుడు పిల్లి జాతి గోళ్ళు లోపలికి ముడుచుకుంటుంది. అందుకే దాని అడుగులో గోళ్ళ గుర్తు పడదు. అది చిరుతదా అని నేను అడిగితే ఆయన చెప్పిన మాట ఇంకా గుర్తుంది: "ఏం చేసిందో నేల చెప్పుద్ది. ఎవురో మనం చెప్పుకోవాల."

అడుగులని చదివే శాస్త్రంలో రెండు వందల ఏళ్ళుగా జరుగుతున్న గొడవంతా ఆ రెండు వాక్యాల మధ్యే జరుగుతోందని నాకు రాకీ హిల్ చూశాకే తెలిసింది.

*

కనెక్టికట్ నది వెంబడి ఐ-91 మీద ఉత్తరంగా ఓ గంట కారు నడిపితే మసాచుసెట్స్‌లో ఆమ్హర్స్ట్ వస్తుంది. స్థానికులు మధ్యలో "హ" మింగేసి "ఆమర్స్ట్" అంటారు. అక్కడి కాలేజీకి చెందిన బెనెస్కీ మ్యూజియంలో వెయ్యికి పైగా రాతి పలకలున్నాయి. వాటి నిండా అడుగులే. వాటిని పోగు చేసినాయన పేరు ఎడ్వర్డ్ హిచ్‌కాక్. ఈ కథలో జేమ్స్ డీన్ అనే ఆయన కూడా ఉన్నాడు. పేర్లు చూసి హాలీవుడ్ సంగతులనుకోకండి. ఇది సినిమా పుట్టకముందు మాట.

ముందుగా, 1802. సౌత్ హ్యాడ్లీ అనే ఊళ్ళో ప్లైనీ మూడీ అనే రైతు కుర్రాడు పొలం దున్నుతుంటే నాగలికి ఒక బండ తగిలింది. దాని మీద మూడు వేళ్ళ అడుగులు వరసగా ఉన్నాయి. ఇంటికి తెచ్చి గుమ్మం ముందు మెట్టుగా వేసుకున్నారు. చూసిన వాళ్ళు కోడి అడుగులని నవ్వుకున్నారు. తరవాత ఆ బండని కొనుక్కున్న ఒక డాక్టరుగారు అవి నోవహు కాకి అడుగులని చెప్పుకున్నాడు. బైబిల్ కథలో జలప్రళయం తగ్గిందో లేదో చూసి రమ్మని నోవహు ఓడ నుంచి పంపిన కాకి అది. ఓడకి తిరిగి వచ్చేలోపు మసాచుసెట్స్‌లో కాసేపు బురదలో నడిచిందన్నమాట. నవ్వొచ్చినా, ఆ రోజుల్లో రాతి మీద అడుగులకి ఒక వివరణ కావాలంటే చేతికందేది అదే.

ముప్ఫై మూడేళ్ళు గడిచాయి. 1835లో గ్రీన్‌ఫీల్డ్ అనే ఊళ్ళో వీధి పక్క కాలిబాటకి బండలు పరుస్తున్నారు. ఆ పని చేస్తున్న డెక్స్టర్ మార్ష్ అనే కూలీ బండల మీద టర్కీ కోడి కాళ్ళ లాంటి గుర్తులు గమనించాడు. సంగతి ఆ ఊరి డాక్టరు జేమ్స్ డీన్ చెవిన పడింది. ఆయన వచ్చి చూసి, ఇవి నిజమైన అడుగులేనని నమ్మి, ఆమ్హర్స్ట్ కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పే హిచ్‌కాక్‌కి ఉత్తరం రాశాడు. హిచ్‌కాక్ మొదట నమ్మలేదు. అనుమానిస్తూ జవాబిచ్చాడు. డీన్ ఊరుకోకుండా ప్లాస్టర్ అచ్చు తీసి పంపాడు. దాంతో హిచ్‌కాక్ స్వయంగా బయల్దేరి వచ్చాడు. అంతే, ఆ తరవాత ముప్ఫై ఏళ్ళూ ఆయనకి అదే లోకం.

1836లో అమెరికన్ జర్నల్ ఆఫ్ సైన్స్‌లో ఆయన వ్యాసం వచ్చింది. ఏడు రకాల అడుగులని వర్ణించి వాటికి "ఆర్నితిక్నైటిస్" అని పేరు పెట్టాడు. గ్రీకు మాటల్లో రాతి మీది పక్షి అడుగులని దాని అర్థం. మూడీ ఇంటి మెట్టు కూడా తరవాత ఆయన చేతికే వచ్చింది.

హిచ్‌కాక్ చర్చి పాస్టరుగా పని చేసి ప్రొఫెసరైన మనిషి. అప్పటికే మసాచుసెట్స్ రాష్ట్రమంతా తిరిగి భూగర్భ సర్వే చేశాడు. అడుగుల కోసం రాతి క్వారీలన్నీ గాలించాడు. న్యూయార్క్‌లో బ్రౌన్‌స్టోన్ ఇళ్ళని ఇప్పుడు లక్షలు పోసి కొంటారు చూడండి, ఆ గోధుమ రంగు రాయి చాలావరకు కనెక్టికట్ లోయలోని పోర్ట్‌లండ్ క్వారీల నుంచి వెళ్ళినదే. ఇక్కడి అడుగులు దొరికేదీ అదే తరహా రాతిలో. ఎవరి ఇంటి మెట్టు మీద, ఎవరి గోడలో ఎన్ని అడుగులు వెళ్ళిపోయాయో!

ఇక పేచీ మొదలైంది. ఈ అడుగులని కనిపెట్టింది ఎవరు? 1844లో డీన్, హిచ్‌కాక్ అదే జర్నల్ పేజీల్లో బహిరంగంగా వాదులాడుకున్నారు. ఇవి అడుగులని ముందు గుర్తించి, నమ్మని వాడిని నమ్మించింది నేను కదా అని డీన్. నువ్వు చూపించావు సరే, శాస్త్రీయంగా పరిశీలించి లోకానికి చెప్పింది నేను కదా అని హిచ్‌కాక్. రెండూ నిజమే. రెండు వైపులా వాదన చదువుతుంటే నాకు మా ప్రాజెక్టుల్లో రివ్యూ మీటింగులు గుర్తొచ్చాయి.

బండలు పరిచిన మార్ష్ ఆ వాదనలో కక్షిదారు కాడు. కానీ ఆయన ఊరుకోలేదు. కూలిపని చేసుకుంటూనే, తీరిక దొరికినప్పుడల్లా నది వెంట తిరిగి పలకలు పోగు చేసి, ఇంట్లోనే చిన్న మ్యూజియం పెట్టాడు. దూరాల నుంచి జనం వచ్చి చూసి వెళ్ళేవారు. 1853లో ఆయన పోయాక ఆ పలకలు వేలానికొచ్చాయి. మంచివి కొన్ని హిచ్‌కాక్ సేకరణలో చేరాయి. డీన్ 1858లో పోయాడు. ఆయన గీసిన బొమ్మలతో పుస్తకం 1861లో, అంటే ఆయన చూసుకోకుండానే వచ్చింది.

*

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. హిచ్‌కాక్ అవి పక్షుల అడుగులన్నాడు. అవి డైనోసార్లవి. మరి పొరబడ్డాడా?

ఆయన దగ్గరున్నదేమిటో చూడండి. మూడు వేళ్ళు. ఎడమ, కుడి, ఎడమ, కుడి, దాదాపు ఒకే గీత మీద. ముందు కాళ్ళ గుర్తులు లేవు. కడుపు ఈడ్చిన గుర్తు లేదు. బల్లీ తొండా మొసలీ నడిస్తే కాళ్ళు రెండు పక్కలకీ విడిగా పడతాయి. ఇక్కడ అలా లేదు. ఈ జీవి రెండు కాళ్ళ మీద, కాళ్ళు ఒంటి కిందకి తెచ్చుకుని, దర్జాగా నడిచింది. అలా నడిచే మూడు వేళ్ళ జీవి ఏదని అప్పట్లో ఎవరిని అడిగినా చెప్పే జవాబు ఒక్కటే.

బతికున్న జంతువుతో పోల్చి చూడటం ఆ రోజుల్లో కొత్తగా వచ్చిన పద్ధతి. స్కాట్లండ్‌లో రాతి మీద అడుగులు బయటపడ్డప్పుడు ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసరు విలియం బక్లండ్ ఇంట్లో పిండి కలిపించి, దాని మీద తాబేలుని నడిపించి చూశాడు. మన చపాతీ పిండి ముద్ద మీద తాబేలుని వదిలినట్టు ఊహించుకోండి. హిచ్‌కాక్ కూడా బతికున్న పక్షుల అడుగులతో తన రాళ్ళని పోల్చుకున్నాడు. మా గొడ్ల తాత చేసినదే ఈ పెద్దమనుషులూ చేశారు. తెలిసిన కాలుతో తెలియని అడుగుని కొలిచారు.

"డైనోసార్" అనే మాటే 1842 దాకా లేదు. ఇంగ్లండులో రిచర్డ్ ఓవెన్ ఆ మాట పుట్టించినప్పుడు కూడా వాటిని ఏనుగులా నాలుగు కాళ్ళ మీద నిలబడే భారీ జంతువులుగానే ఊహించాడు. అదే ఓవెన్ 1839లో ఒక ఎముక ముక్క చూసి న్యూజీలండ్‌లో ఒకప్పుడు ఉష్ట్రపక్షి లాంటి పెద్ద పక్షి ఉండేదని చెప్పాడు. అది మోవా అని తరవాత రుజువైంది. అంత పెద్ద పక్షి ఉండటం నిజమే అయితే, నా అడుగులు కూడా అలాంటి వాటివే అయి ఉంటాయి కదా అని హిచ్‌కాక్ ధైర్యపడ్డాడు.

1836లో ఆయన పెట్టిన పేర్లు అడుగుల పేర్లు. ఈ గుర్తుకి ఈ పేరు, అంతే. 1845కి వచ్చేసరికి ఆయన ఒక మెట్టు దాటి, అడుగు వేసిన జంతువులకే పేర్లు పెట్టడం మొదలుపెట్టాడు. మా అమ్మాయి కారులో అడిగిందీ అదే మరి! మనిషికి ఆ ఆశ సహజం. నేల చెప్పింది విని ఊరుకోలేం. ఎవరో తెలియాలి.

1858లో "ఇక్నాలజీ ఆఫ్ న్యూ ఇంగ్లండ్" అనే పెద్ద పుస్తకం వేశాడు. సరిగ్గా అదే ఏడాది న్యూజెర్సీలోని హ్యాడన్‌ఫీల్డ్‌లో హ్యాడ్రోసారస్ అనే డైనోసార్ ఎముకలు తవ్వి తీశారు. ముందు కాళ్ళు పొట్టి, వెనక కాళ్ళు పొడుగు. దాన్ని పరిశీలించిన జోసెఫ్ లైడీ, ఇది రెండు కాళ్ళ మీద నిలబడగలిగేదని గమనించాడు. హిచ్‌కాక్‌కి కావలసిన జంతువు పక్క రాష్ట్రాల్లోనే తేలుతోంది. కానీ ఆయన అప్పటికి పక్షులకే కట్టుబడిపోయాడు.

ఆయన్ని బాగా ఇబ్బంది పెట్టినవి కొన్ని పలకలు. ఒక జీవి రెండు కాళ్ళ మీద నడిచింది. తరవాత కూర్చుంది. కూర్చున్నచోట చిన్న ముందు పాదాలు పడ్డాయి, తోక గుర్తు పడింది. పక్షికి ముందు పాదాలేమిటి, ఈ తోకేమిటి? 1861లో జర్మనీ నుంచి ఆర్కియోప్టెరిక్స్ వార్త వచ్చింది. ఈకలున్నాయి, పొడుగాటి ఎముకల తోకా ఉంది. తోకలున్న పక్షులు నిజంగానే ఉండేవన్నమాట! ముసలివాడైపోయిన హిచ్‌కాక్ దాన్ని తన పలకలకి సాక్ష్యంగా తీసుకున్నాడు. 1864లో ఆయన పోయాడు.

ఆ తరవాత నాలుగైదేళ్ళకే ఇంగ్లండులో థామస్ హక్స్‌లీ పక్షులకీ డైనోసార్లకీ దగ్గరి చుట్టరికం ఉందని వాదించాడు. ఆ వాదన మధ్యలో మూలపడింది. దాన్ని మళ్ళీ లేపినవాడు యేల్ విశ్వవిద్యాలయంలో పని చేసిన జాన్ ఆస్ట్రమ్. 1969లో డైనోనికస్ అనే చురుకైన డైనోసార్ని వర్ణించాక, పక్షులు డైనోసార్ల సంతతేనని నమ్మకంగా చెప్పాడు. 1996లో చైనాలో ఈక లాంటి పోగులున్న సైనోసారాప్టెరిక్స్ బయటపడింది. ఈ రోజు మన వంటింట్లోకొచ్చే కోడి డైనోసార్ వంశంలోదే. అంటే పేరు పెట్టడంలో పొరబడ్డ హిచ్‌కాక్, నడక చదవడంలో పొరబడలేదు. నేల చెప్పింది ఆయన సరిగ్గానే విన్నాడు.

అన్నట్టు, రాకీ హిల్ గైడు చెప్పిన డైలోఫోసారస్ కథ కూడా ఇలాంటిదే. దాని ఎముకలని 1940లో అరిజోనాలో మొదట చూసింది జెస్సీ విలియమ్స్ అనే నవాహో తెగ మనిషి. 1942లో శాస్త్రవేత్తలని అక్కడికి తీసుకువెళ్ళిందీ ఆయనే. ఒకచోట పొలం కుర్రాడు, ఒకచోట కూలీ, ఒకచోట నవాహో, ఒకచోట బుల్‌డోజర్ డ్రైవరు. నేల వంక చూస్తూ పని చేసేవాళ్ళకే ఇవి ముందు కనిపించాయి.

*

అడుగు చెప్పగలిగింది తక్కువేం కాదు. 1976లో మెక్‌నీల్ అలెగ్జాండర్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త బతికున్న జంతువులని కొలిచి ఒక సూత్రం కట్టాడు. పాదం పొడవుని నాలుగుతో హెచ్చిస్తే నేల నుంచి తుంటి దాకా ఎత్తు సుమారుగా వస్తుంది. అదే కాలు మళ్ళీ నేల మీద పడేదాకా ఉన్న దూరం తెలిస్తే వేగం వస్తుంది. మేం అచ్చు తీసిన అడుగు పద్నాలుగు అంగుళాలు. నాలుగడుగుల అంగ వేసుకుని ఓ శనివారం రాత్రి లెక్క కట్టాను. తుంటి ఎత్తు మీటరున్నరకి కాస్త తక్కువ. వేగం గంటకి ఎనిమిది కిలోమీటర్ల చిల్లర. అది పరుగు కాదు, పెద్ద అంగలతో నడక. ఇరవై కోట్ల ఏళ్ళ కిందట రాకీ హిల్ చెరువు గట్టున ఎవరికీ తొందర లేదు.

అయితే ఇందులోనూ మోసపోయే చోట్లున్నాయి. మెత్తటి బురదలో పడ్డ బరువు కింది పొరల్లోకి కూడా దిగుతుంది. ఒకే అడుగు ఒక పొరలో పెద్దగా, ఇంకో పొరలో చిన్నగా కనబడవచ్చు. రెండు పొరలు చూసి రెండు జంతువులనుకునే ప్రమాదం ఉంది. మా మార్కాపురం పలక రాతిలో ఇలాంటి అడుగులు వెతకొచ్చా అని మా అమ్మాయి అడిగింది. లాభం లేదు. ఆ రాయి వయసు వంద కోట్ల ఏళ్ళ పైమాటే. అప్పటికి భూమి మీద కాళ్ళున్న జీవే పుట్టలేదు.

హోల్యోక్ ఊరి దగ్గర రోడ్డు పక్కనే ఒక రాతి నేల ఉంది. 1972లో ఆస్ట్రమ్ దాని మీదున్న 134 అడుగులకి మ్యాపు గీశాడు. పెద్ద అడుగులు వేసినవి చాలావరకు ఒకే దిక్కుకి, పక్కపక్కన పోయాయి. ఇవి మందగా తిరిగేవన్నాడాయన. నది ఒడ్డో చెరువు ఒడ్డో అయితే, విడివిడిగా వచ్చినా అందరూ ఒడ్డు వెంటే నడుస్తారు కదా అని ప్రశ్నించినవాళ్ళూ ఉన్నారు. ఒకే నేల, ఒకే అడుగులు, రెండు కథలు.

*

ఇదంతా చచ్చిన జంతువుల గొడవ అనుకుంటే, బతికున్న వాటి విషయంలో పొరబాటు ఖరీదు ఎక్కువ.

1966లో ఒడిశా అటవీ అధికారి సరోజ్ రాజ్ చౌధురి పులుల అడుగులని బట్టి వాటిని లెక్కపెట్టే పద్ధతి పెట్టాడు. అడుగు మీద గాజు పలక పెట్టి గీతలు గీసుకోవడం, ప్లాస్టర్ అచ్చు తీయడం. వెనక పాదం చదరంలో ఇమిడితే మగది, దీర్ఘచతురస్రంలో ఇమిడితే ఆడది అని ఆనవాలు. 1972లో దేశమంతా ఇలా లెక్కపెట్టి 1,827 పులులన్నారు. ఆ మరుసటి ఏడాది ప్రాజెక్ట్ టైగర్ మొదలైంది. మన నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం 1983లో అందులో చేరింది.

ఈ అడుగుది మగ పులా, ఆడ పులా, ఎటు పోయింది అనేదాకా బాగానే ఉంది. అక్కడితో ఆగకుండా, ఈ అడుగు ఫలానా పులిది, అది వేరే పులిది అని ప్రతి పులినీ విడిగా గుర్తించగలమనుకున్నారు. పొడి ఇసకలో పడ్డ అడుగు, తడి మట్టిలో పడ్డ అడుగు ఒకే పులివైనా ఒకేలా ఉండవు. ఉల్లాస్ కారంత్ వంటి శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి ఇదే చెబుతూ వచ్చారు. 2005లో రాజస్థాన్‌లోని సరిస్కాలో అందరి కళ్ళూ తెరుచుకున్నాయి. కాగితాల మీద పులులున్నాయి. అడవిలో ఒక్కటి కూడా లేదు. వేటగాళ్ళు ఊడ్చేశారు. 2006లో ఒంటి చారలని గుర్తుపట్టే కెమెరాలతో కొత్తగా లెక్కగట్టి, 2008లో ప్రకటించిన సంఖ్య 1,411.

ఇక అడుగులు చదివేవాళ్ళ పని అయిపోయిందా? లేదు. కెమెరా ఏ చెట్టుకి కట్టాలో చెప్పేది అడుగే. నల్లమలలో ఆ పని చేసేవాళ్ళలో చెంచులున్నారు. అడవిలో పులి ఏ దారిన నడుస్తుందో, ఏ వాగు దగ్గర ఆగుతుందో వాళ్ళు నేల చూసి చెబుతారు. కెమెరాలో పడ్డ పులికి ఒక నంబరు ఇస్తారు. చోటు చూపించిన మనిషి నివేదికలో "ట్రాకర్లు" అనే మాటలో కలిసిపోతాడు.

నా వృత్తిలో కూడా రోజూ చేసేది జాడలు చదవడమే. రాత్రి రెండింటికి సిస్టం కూలిపోతే లాగ్ ఫైలు తెరుస్తాం. ఎన్ని గంటలకి ఏ ఫైలు మారిందో, ఏ ఆదేశం నడిచిందో సెకన్లతో సహా ఉంటుంది. ఎవరు చేశారన్నచోట మాత్రం పదిమంది కలిసి వాడుకునే ఒక ఐడీ ఉంటుంది. చాలా ఏళ్ళ కిందట ఒకచోట అలాంటి లాగ్ చూసి, ఇది ఫలానా కుర్రాడి పనేనని మీటింగులో నేనే చెప్పాను. తరవాత వారానికి అది వేరొకరి స్క్రిప్టు అని తేలింది. అప్పటికి ఆ కుర్రాడి కాంట్రాక్టు ముగించేశారు. సరిస్కా కథ చదివినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ కుర్రాడే.

*

ఆ ప్లాస్టర్ అచ్చు ఇప్పటికీ నా టేబుల్ మీదుంది. మా అమ్మాయి అప్పట్లో దాని వెనక పెన్సిల్‌తో "యూబ్రాంటిస్, రాకీ హిల్" అని రాసింది. జంతువు పేరు కోసం కాస్త ఖాళీ వదిలింది. పెద్దయ్యాక నింపుతానంది.

ఈ వ్యాసం రాయడం మొదలుపెట్టినప్పుడు గొడ్ల తాత గురించి పేరుతో సహా రాయాలనుకున్నాను. అప్పుడు తట్టింది, నాకు ఆయన పేరు తెలియదు. డెక్స్టర్ మార్ష్ ఏ ఊళ్ళో ఏ ఏడాది బండలు పరిచాడో చెప్పగలను. నాకు అడుగులు చూడటం నేర్పిన మనిషి పేరు చెప్పలేను. ఆయన మా ఇంట్లోకి ఎప్పుడూ రాలేదు. పెరట్లోంచి వచ్చి పెరట్లోంచే వెళ్ళేవాడు. ఇంట్లో పిల్లలతో సహా అందరం ఏకవచనంలోనే పిలిచేవాళ్ళం. ఆ రోజుల్లో అందులో నాకు ఏ తప్పూ కనిపించలేదు.

అమ్మకి ఫోన్ చేశాను.

"గొడ్ల తాత పేరేంటమ్మా?"

"గొడ్ల తాతని గొడ్ల తాతనే అనేవాళ్ళంరా. పేరు పెట్టి ఎవరు పిలిచారు?"

"వాళ్ళవాళ్ళెవరైనా ఉన్నారా ఊళ్ళో?"

"కొడుకు హైదరాబాదో ఎక్కడికో పనికి పోయాడన్నారు. ఎన్నేళ్ళయిందో." కాసేపు ఆగింది. ఫోన్ కట్టయిందేమో అనుకున్నాను.

"పేరు తెలీదు గానీరా, ఆయనకి ఎడమ కాలు కాస్త ఈడ్పు ఉండేది. వానాకాలం పెరట్లో మట్టి మీద ఒక అడుగూ ఒక గీతా, ఒక అడుగూ ఒక గీతా పడేది. నేను వంటింట్లోంచి వచ్చి చూసి, గొడ్ల తాత వచ్చి పోయాడు, గేదె దొరికినట్టుందని మీ తాతయ్యకి చెప్పేదాన్ని."